తద్దినం నాటి వాదన

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్నగారు పోయి మూడేళ్లయింది. నేను ఒక్కడినే కొడుకుని. కాలేజీ రోజుల్లోనే నాకు దేవుడి మీద నమ్మకం పోయింది. అమ్మ బాధపడుతుందని మొదటి రెండేళ్లు తద్దినం పెట్టాను. ఈసారి పెట్టలేనని ఆ రోజు ఉదయం చెప్పేశాను. మామయ్య (అమ్మకు అన్నగారు) ‘దేవుడు లేనివాడికి నీతి ఎక్కడిది? రేపు మీ అమ్మను కూడా చూడవు’ అన్నారు. నాకు ఒళ్లు తెలియలేదు. ‘ఇక్కడ తిన్నది పైనున్న నాన్నకు చేరితే, నేను అమెరికా వెళ్లినప్పుడు కూడా ఇక్కడే ఎవరికైనా పెట్టండి, అక్కడ నా కడుపు నిండుతుంది’ అన్నాను. భోక్తలు వింటూనే ఉన్నారు. చివరికి బాబాయి కూర్చుని కార్యక్రమం కానిచ్చారు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. నెలన్నరగా మామయ్య మాట్లాడటం లేదు. ఆఫీసులో నా పక్కన కూర్చునే క్రైస్తవ మిత్రుడు సంగతి విని ‘నీ కోసం ప్రార్థన చేస్తున్నాను’ అన్నాడు. అదీ చిరాకుగానే ఉంది. తర్కపరంగా నేను అన్నది తప్పా? నమ్మకం లేనివాడు నీతిగా బతకలేడా? నమ్మేవాళ్లతో ఎలా వాదించాలి, అసలు వాదించాలా? మాఘంలో మామయ్య కూతురి పెళ్లి. వెళ్లాలని లేదు. తద్దినానికి ముందు జరిగిన నిశ్చితార్థంలో కూడా హారతి వేళకు అమ్మను లోపలి గదిలో కూర్చోబెట్టారు, ఎవరూ ఏమీ అనలేదు. ఇలాంటి వాళ్ల దగ్గర తర్కం ఏం పనిచేస్తుంది?
– పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మామయ్యగారి మాటకు మనసు చివుక్కుమంది. తండ్రి తద్దినం రోజున మేనల్లుడితో ‘రేపు మీ అమ్మను కూడా చూడవు’ అనడం పెద్దరికం అనిపించుకోదు. రెండోసారి చదివినప్పుడు, చివర్లో మీరు విసురుగా దాటేసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని సంగతి ఆఖరున చెబుతాను.

ముందుగా నా గురించి ఒక మాట మీకు తెలియాలి. నేను నమ్మకం ఉన్న మనిషిని. పొద్దున్నే దీపం పెట్టనిదే నాకు ఏ పనీ తోచదు. అది దాచిపెట్టి, ఏ పక్షమూ లేనిదానిలా మీకు సలహా చెప్పడం నాకు ఇష్టం లేదు. మిమ్మల్ని మళ్లీ దేవుడి దగ్గరకు తీసుకురావాలన్న ఆలోచన కూడా లేదు. నాకు ప్రాణం కన్నా ఎక్కువైన మా అన్నయ్య జీవితాంతం నాస్తికుడే. ఆయన దగ్గర నేర్చుకున్నది కొంత మీకు చెబుతాను.

తర్కం సంగతి ముందు చూద్దాం. మీ అమెరికా ఉదాహరణ చాలా పాతది. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో జాబాలి రాముడితో అన్నది సరిగ్గా ఇదే. ఒకరు తిన్న అన్నం ఇంకొకరి ఒంటికి చేరేదే అయితే, ఊరు వెళ్లిన వాడికి ఇంటి దగ్గరే శ్రాద్ధం పెట్టేయవచ్చు, దారిబత్తెం మోసుకెళ్లే పని ఉండదు అంటాడు. చచ్చినవాడు ఏం తింటాడు, అన్నం దండగ కాకపోతే అని కూడా అంటాడు. ఆ జాబాలి దారిన పోయేవాడు కాదు, దశరథుడి కొలువులోని బ్రాహ్మణుడు. వాల్మీకి అతని మాటలను అంత పదునుగానూ కావ్యంలో ఉంచాడు. నాస్తికత్వం పడమటి దేశాల నుంచి వచ్చిన జబ్బు అని మీ ఇంట్లో ఎవరైనా అంటే, ఆ సర్గ తీసి చూపించండి.

అయితే జాబాలి ఆ మాట ఎవరితో, ఏ ఘడియలో అన్నాడో కూడా చూడండి. తండ్రి పోయాడన్న కబురు భరతుడి నోట విని రాముడు కూలబడ్డాడు. మందాకినికి వెళ్లి తర్పణం విడిచాడు. అడవిలో బియ్యం ఎక్కడివి? గారపండ్ల పిండిలో రేగుపండ్లు కలిపి, దర్భల మీద పిండం పెట్టాడు. మేము ఏది తింటున్నామో అదే మీకూ పెడుతున్నాను, మనిషి ఏది తింటే అతని దేవతలకూ అదే ఆహారం అన్నాడు. తర్వాత కౌసల్య ఆ దారిన వస్తూ దర్భల మీద ఉన్న ఆ గారపిండి ముద్దను చూసింది. భూమినంతా ఏలిన మహారాజుకు ఇదా భోజనం అని గుండె పగిలేలా ఏడ్చింది. ఆ తడి ఇంకా ఆరకముందే జాబాలి వచ్చి, చచ్చినవాడు ఏం తింటాడు అన్నాడు.

రాముడికి కోపం వచ్చింది, నాస్తికుల మీద చాలా కఠినమైన మాటలే అన్నాడు. కానీ ఆయన జవాబులో నన్ను పట్టి ఉంచేది మరొకటి. చనిపోయినవాళ్లు తింటారా తినరా అన్న చర్చలోకి ఆయన దిగనే లేదు. తండ్రికి ఇచ్చిన మాట గురించి చెప్పాడు. ‘సత్యమేవేశ్వరో లోకే’ అన్నాడు, లోకంలో సత్యమే ఈశ్వరుడు అని. జాబాలి అడిగింది ఒకటి, రాముడికి వినిపించింది మరొకటి. పిండం చేరుతుందా అని అతను అడిగితే, నీకూ నీ తండ్రికీ ఇక ఏ సంబంధమూ లేదు అన్న మాట ఆయనకు వినిపించింది. నిజానికి జాబాలి ఆ మాట కూడా అన్నాడు. మీ ఇంట్లో ఆ ఉదయం అమ్మగారికి ఏం వినిపించి ఉంటుందో ఇప్పుడు ఆలోచించండి.

మీ తర్కంలో తప్పేమీ లేదు. అన్న చోటు, అన్న వేళ తప్పు. ఇంకొక తప్పు కూడా ఉంది. భోజనానికి పిలిచిన మనుషుల ముందు, వాళ్లు తినబోయే అన్నాన్ని వెక్కిరించారు. ఆ భోక్తలకు మీ వాదనతో ఏ సంబంధమూ లేదు. వాళ్లకు ఫోను చేసి క్షమించమని అడగండి. అందరికన్నా ముందు వాళ్లకు చేయండి.

ఇక నీతి. నమ్మకం లేనివాడు నీతిగా బతకగలడా అంటే, బతకగలడు. ఇది నమ్మకం ఉన్నదాన్నయి చెబుతున్నాను. ‘ఒరులేయవి యొనరించిన’ అనే తిక్కన పద్యం మీరు బడిలో చదివే ఉంటారు. ఇతరులు ఏం చేస్తే నీ మనసుకు కష్టం కలుగుతుందో దాన్ని నువ్వు ఇతరులకు చేయకు, ధర్మాలన్నిటికీ ఇదే గమ్యం అంటుంది ఆ పద్యం. యజ్ఞయాగాలు చేసిన మహాకవి రాసిన ఆ నాలుగు పాదాల్లో దేవుడి ప్రస్తావన లేదు. కొలత నీ మనసే. మామయ్యకు ఏ పాశ్చాత్య తత్వవేత్త పేరూ చెప్పవద్దు, ఈ పద్యం చెప్పండి. నా మటుకు నాకు ఇంకొకటి కూడా తోస్తుంది. నా దేవుడు మంచివాడు అని నేను కొలుస్తున్నానంటే, మంచి అంటే ఏమిటో నాకు ముందే తెలిసి ఉండాలి కదా! ఆ తెలివి దేవుణ్ని నమ్మనివాడికి మాత్రం ఎందుకు ఉండదు?

మన చట్టం కూడా ఇదే ఒప్పుకుంది. రాజ్యాంగం మూడో షెడ్యూలులో మంత్రులు, శాసనసభ్యులు చేసే ప్రమాణానికి రెండు దారులున్నాయి. దేవుడి పేరు మీద ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుడి పేరు లేకుండా గంభీరంగా మాట ఇవ్వవచ్చు. రెండింటికీ ఒకే విలువ. ఈ రెండో దారి వెనక పెద్ద కథ ఉంది. ఇంగ్లండులో చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తికుడు 1880లో పార్లమెంటుకు ఎన్నికైతే, దేవుణ్ని నమ్మనివాడి ప్రమాణం చెల్లదని 1886 దాకా సభలో స్థిరంగా కూర్చోనివ్వలేదు. నియోజకవర్గం ప్రజలు మళ్లీ మళ్లీ ఆయన్నే గెలిపించి పంపారు. దేవుడి పేరు లేకుండా మాట ఇవ్వడానికి అందరికీ వీలు కల్పించే చట్టం 1888లో వచ్చింది. మీ మామయ్య అన్న మాటే అక్కడ ఒక దేశపు పార్లమెంటు ఆరేళ్లపాటు అన్నది, చివరికి వెనక్కి తీసుకుంది.

ఇంత చెప్పాక మీ వైపు లోటు కూడా చెప్పాలి. పాపభీతి అన్న మాటను మీలాంటి యువకులు చులకన చేస్తారు. ఎవరూ చూడని చోట చేయి చాపకుండా ఎందరినో ఆపింది ఆ భీతే. అది లేని మనిషి ఆ స్థానంలో ఇంకొకటి పెట్టుకోవాలి, అది దానంతట అది రాదు. నాస్తికత్వం మంచితనానికి హామీపత్రం కాదు. సోవియట్ రష్యాలో ప్రభుత్వమే దాన్ని ప్రచారం చేసింది, చర్చిలు మూయించింది, మతగురువులను చెరసాలల్లో పెట్టింది, చంపింది. ఇటు శాస్త్రం పేరు చెప్పి తోటి మనుషులను మంచినీళ్ల బావి దగ్గరకు రానివ్వని చరిత్ర మాది, అంటే నమ్మేవాళ్లది. ఈ లెక్క తీస్తే ఎవరి చేతులూ శుభ్రంగా లేవు. అందుకే ‘మీ వాళ్లు ఇన్ని పాపాలు చేశారు, మా వాళ్లు అన్ని చేశారు’ అన్న వాదనలోకి మీరు దిగవద్దు.

మీ మామయ్య మాటలో నీతి ప్రశ్నను మించిన భయం ఒకటి ఉంది. ‘రేపు మీ అమ్మను చూడవు’ అన్నది భర్త పోయిన చెల్లెలి గురించి అన్నగారికి ఉన్న దిగులు. దానికి తిక్కన పద్యం పనికిరాదు. ‘మామయ్యా, అమ్మ మందులు, డాక్టరు, ఇల్లు అన్నీ నేనే చూసుకుంటున్నాను, ఎప్పటికీ నేనే చూసుకుంటాను’ అని ఆయన ఎదురుగా కూర్చుని ఒకసారి చెప్పండి. ఆయన దేవుడి గురించి మాట్లాడుతున్నారని మీరు అనుకున్నారు. ఆయన చెల్లెలి గురించి మాట్లాడారు.

ఎలా వాదించాలి అని అడిగారు. బ్రాడ్లా పేరు వచ్చింది కాబట్టి అక్కడి నుంచే చెబుతాను. ఆయన 1891లో పోయారు. భారతదేశం తరఫున పార్లమెంటులో గట్టిగా మాట్లాడిన మనిషి కావడంతో లండన్‌లో ఉన్న మన వాళ్లంతా అంత్యక్రియలకు వెళ్లారు. వాళ్లలో 21 ఏళ్ల గాంధీ ఒకరు. తిరిగివస్తూ స్టేషనులో రైలు కోసం నిలబడి ఉంటే, జనంలో ఉన్న ఒక నాస్తిక వీరుడు పక్కనున్న మతగురువును పట్టుకున్నాడు. దేవుడున్నాడని నమ్ముతారా అన్నాడు. ఆయన తగ్గుస్వరంతో నమ్ముతానన్నాడు. భూమి చుట్టుకొలత ఇన్ని మైళ్లని ఒప్పుకుంటారు కదా, మరి మీ దేవుడు ఎంత ఉంటాడు, ఎక్కడుంటాడు అన్నాడు. తెలుసుకోగలిగితే ఆయన మన ఇద్దరి హృదయాల్లోనూ ఉంటాడు అన్నాడు మతగురువు. నన్ను చిన్నపిల్లవాణ్ని చేయకండి అంటూ ఆ వీరుడు గెలిచినట్టు చుట్టూ చూశాడు. మతగురువు మౌనంగా ఉండిపోయాడు. ఆ సంభాషణ విన్నాక నాస్తికత్వం మీద తన అయిష్టం ఇంకా పెరిగిందని గాంధీ ఆత్మకథలో రాసుకున్నారు. గెలిచినవాడు ఏం గెలిచాడో చూడండి. అది కూడా ఒక నాస్తికుణ్ని సాగనంపి వస్తున్న దారిలో!

53 ఏళ్ల తర్వాత, 1944లో, అదే గాంధీ దగ్గరకు సేవాగ్రాంకు మన తెలుగు నాస్తికుడు ఒకరు వెళ్లారు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు. వృక్షశాస్త్రం బోధించిన అధ్యాపకుడు. నాస్తికత్వం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో భార్య సరస్వతిగారితో కలిసి కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. ఇప్పుడు విజయవాడ పటమటలో ఉన్నది అదే. వచ్చి కలుస్తానని గోరా 1941లో ఉత్తరం రాస్తే గాంధీ ఒప్పుకోలేదు. ఉత్త మాటలకు నాకు తీరిక లేదు అని జవాబు రాశారు. అంతటితో గోరా అలగలేదు, ఆయనను తిట్టనూ లేదు. ఊళ్లో అంటరానితనం మీద, సహపంక్తి భోజనాల మీద పని చేసుకుంటూ పోయారు. మూడేళ్ల తర్వాత పిలుపు వచ్చింది.

చూడగానే గాంధీ నవ్వుతూ, దేవుడు లేని మనిషితో నేనేం మాట్లాడను అన్నారట. గోరా కూడా నవ్వి, బాపూజీ, నేను దేవుడు లేనివాణ్ని కాదు, నాస్తికుణ్ని అన్నారు. తేడా ఏమిటని అడిగితే, దేవుడు లేడనడం ఉత్త కాదనడం, లేడన్న తర్వాత మనిషి ఎలా నిలబడతాడో చెప్పేది నాస్తికత్వం అని వివరించారు. ‘దేవుడు లేనివాడు’ అని మామయ్య మిమ్మల్ని అన్నప్పుడు మీరు ఇవ్వవలసిన జవాబు ఇదే. ఇది చెప్పాలంటే మాత్రం, లేడన్న తర్వాత మీరు ఎలా నిలబడుతున్నారో మీకు ముందు తెలియాలి.

ఆ సంభాషణలో గోరా సృష్టి ఎలా పుట్టింది, దేవుడి కొలత ఎంత అని అడగలేదు. కలకత్తా కరువులో తాను చూసింది చెప్పారు. మిఠాయిలు, పండ్లు పేర్చిన దుకాణాల పక్కనే, ఆకలితో జనం వీధిలో పడి చనిపోవడం చూశారాయన. ఇదంతా తలరాత అనుకున్నారు కాబట్టే వాళ్లు చేయి చాపలేదని, ఆ నమ్మకం పోతే మనిషి తన కాళ్ల మీద నిలబడతాడని ఆయన వాదన. గాంధీ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ ఎదుటి మనిషి ఏ ఆకలి గురించి రాత్రింబవళ్లు బాధపడుతున్నాడో, దాని మీదే గోరా తన మాట నిలబెట్టారు. నా ఆస్తికత్వం సరైనదనీ అనలేను, నీ నాస్తికత్వం తప్పనీ అనలేను, మనిద్దరం సత్యాన్ని వెతికేవాళ్లం అని గాంధీ అన్నట్టు గోరా రాశారు. స్టేషనులో ఆ వీరుడి మాటలకు ముఖం చిట్లించిన మనిషే ఇలా అన్నారు.

మాటతోనే ఆగలేదు. గోరా పెద్దమ్మాయి మనోరమకు, దళిత యువకుడు అర్జునరావుకు సేవాగ్రాంలో పెళ్లి జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. దేవుడి పేరుకు బదులు సత్యం పేరు మీద ఆ పెళ్లి జరిపించడానికి సిద్ధపడ్డారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో ఆశ్రమంలోనే ఆ పెళ్లి జరిగింది. దేవుడే సత్యం అంటూ వచ్చిన గాంధీ 1931 నాటికే సత్యమే దేవుడు అనే చోటికి చేరుకున్నారు. దేవుణ్ని కాదన్నవాడు కూడా సత్యాన్ని కాదనడు కదా అన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. చిత్రకూటంలో రాముడు అన్న మాటకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూశారా?

మన పాత తర్కశాస్త్రం, అంటే న్యాయదర్శనం, వాదులాటను మూడు రకాలుగా విడదీసింది. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తన పక్షం అంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడానికే చేసేది వితండం. వితండవాదం అని మనం రోజూ తిట్టే మాట అక్కడిదే. ఆ ఉదయం మామయ్య చేసింది జల్పం, మీరు చేసింది వితండం. వాదం చేయాలంటే ముందు పూర్వపక్షం చెప్పాలి. ఎదుటివాడి మాటను మీ నోటితో, ఆయన ‘అవును, నేను అనేది అదే’ అని తలూపేటట్టు చెప్పాలి. 14వ శతాబ్దంలో మాధవాచార్యులు దర్శనాలన్నిటినీ ఒకచోట కూర్చినప్పుడు, తాను ఒప్పుకోని చార్వాకుల, అంటే దేవుణ్నీ పరలోకాన్నీ కాదన్న పాతకాలపు నాస్తికుల మతాన్నే మొదట పెట్టారు. వాళ్ల మాట మనదాకా వచ్చిందంటే అందులో వాళ్ల విరోధుల చలవ చాలా ఉంది. మామయ్య ఎందుకు నమ్ముతారో మీరు ఒక్కసారైనా అడిగారా? జవాబు మధ్యలో అడ్డం రాకుండా విన్నారా? అడిగేటప్పుడు ఇద్దరే ఉండండి. నలుగురి ముందు అడిగితే ఎవరూ మనసు మార్చుకోరు, పరువు చూసుకుంటారు. కుటుంబం అంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో ఈ విషయం అసలు ఎత్తవద్దు.

మీ క్రైస్తవ మిత్రుడి సంగతి చిన్నది. తన దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా విలువైనదని తాను నమ్మేది మీకు ఇచ్చాడు. ‘థాంక్స్’ అనండి. రోజూ మతం గురించి చెబుతూ విసిగిస్తే అప్పుడు ఒకసారి, స్పష్టంగా వద్దనండి.

వచ్చే ఏడు తద్దినం ఏం చేయాలన్నది మీరు అడగలేదు కానీ, ఆ ప్రశ్న ఉత్తరం నిండా ఉంది. మా అన్నయ్య సంగతి చెబుతాను. నాన్న పోయిన మొదటి ఏడే అమ్మతో చెప్పాడు, నమ్మకుండా మంత్రం చెబితే నాన్న దగ్గర అబద్ధం ఆడినట్టే ఉంటుందమ్మా అని. చెప్పింది మూడు నెలల ముందు, అరుగు మీద, ఇద్దరే ఉన్నప్పుడు. అమ్మ పది రోజులు మాట్లాడలేదు. తమ్ముడు పీట మీద కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. జ్యేష్ఠంలో వస్తుంది నాన్న తద్దినం. ముందురోజు అమ్మ రాసిచ్చిన కాగితం పట్టుకుని అన్నయ్య బజారుకు వెళ్లేవాడు. అరటికాయలు, కాకరకాయలు, చేమదుంపలు, నువ్వులు. కందగడ్డను గోటితో గీరి చూసిగానీ తీసుకునేవాడు కాదు. కాగితంలో రాయకపోయినా పనసపండు మోసుకొచ్చేవాడు, నాన్నకు ఇష్టమని. చేతులకు నూనె రాసుకుని, అరుగు మీద కూర్చుని తొనలన్నీ వలిచి, ఒక్కటీ నోట్లో వేసుకోకుండా పళ్లెంలో పేర్చి వంటింటి గడప దగ్గర పెట్టేవాడు. మడిలో ఉన్న అమ్మ దాన్ని లోపలికి తీసుకునేది. మడి కట్టుకోని వాడు వలిచిన తొనలవి. మొదటి ఏడు ఆలోచించింది, రెండో ఏడు నుంచి ఆలోచించలేదు. ఒకసారి పక్కింటావిడతో అంటుంటే విన్నాను, ‘వాడు మంత్రం చెప్పడు కానీ, వాళ్ల నాన్న ఏం తినేవారో వాడికే గుర్తు’ అని.

మీకు మంత్రం చెప్పడం అబద్ధంగా తోస్తే చెప్పవద్దు. అమ్మ కోసం చెప్పినా అది పాపమని నేను అనను. మొదటి రెండేళ్లు మీరు చేసిందాన్ని పిరికితనం అనుకోవద్దు. కానీ ఏ సంగతీ ఇప్పుడే తేల్చి చెప్పండి, ఆ రోజు ఉదయం దాకా ఉంచకండి. బాబాయిగారు చేస్తానంటే ఆయనను మీరే స్వయంగా వెళ్లి అడగండి. ఖర్చు మీది. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి, వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వండి. నమ్మకం లేకపోవడం పనిలేకపోవడం కాదు కదా.

ఇప్పుడు మీరు దాటేసిన ఆ వాక్యం.

నిశ్చితార్థంలో హారతి వేళకు అమ్మగారిని లోపలి గదిలో కూర్చోబెట్టారు. ‘ఎవరూ ఏమీ అనలేదు’ అని రాశారు. ఆ ఎవరూలో మీరు కూడా ఉన్నారు. చచ్చినవాళ్లు తింటారా అన్నదాని మీద భోక్తల ముందు అంత గొంతు పెంచిన మనిషి, బతికి ఉన్న తల్లిని సొంత మేనకోడలి శుభకార్యంలో గదిలో కూర్చోబెడితే నోరు తెరవలేదు. మీరు వాదించవలసిన చోటు అది. దీపం పెట్టుకోవడం, పిండం పెట్టడం, శుక్రవారం పూజ చేసుకోవడం ఎవరినీ నొప్పించవు, వాటి మీద మీ మాట అడిగితే చెప్పండి, లేకపోతే ఊరుకోండి. ఒక మనిషిని అవమానించే ఆచారం దగ్గర, వైద్యం మాన్పించి తాయెత్తు కట్టించే చోట, చేతబడి చేసిందని ఒక ముసలామె మీద ఊరు విరుచుకుపడే చోట ఊరుకోవద్దు. అక్కడ గొంతు పెంచినా తప్పులేదు.

ఆ చోట మామయ్య మీకు శత్రువు కావలసిన అవసరం కూడా లేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం దేవుణ్ని నమ్మిన మనిషి, ప్రార్థన సమాజం పెట్టిన మనిషి. పండితులు శాస్త్రం అంటే ఆయన కూడా శాస్త్రం తీసి వాదించారు. వితంతువుల కన్నీళ్లు తుడవడానికి ఆస్తికుడైతే ఏమిటి, నాస్తికుడైతే ఏమిటి? నేను దీపం పెట్టే మనిషినని చెప్పాను కదా, ఈ విషయంలో నేను పూర్తిగా మీ పక్షం. నాకు తెలిసిన ఇళ్లలో ఈ మధ్య తల్లులు, మేనత్తలు పసుపు కుంకుమలతో పీటల దగ్గర నిలబడుతున్నారు. ఏ అరిష్టమూ జరగలేదు.

కాబట్టి పెళ్లికి వెళ్లండి. దానికన్నా ముందు, ఈ ఆదివారమే, ఒక్కరే మామయ్య ఇంటికి వెళ్లండి. ఆ రోజు అన్న మాటకు, భోక్తల ముందు అన్నందుకు, క్షమించమనండి. నమ్మకం మారిందని అబద్ధం చెప్పవద్దు. ఆయన ఏం అన్నా పూర్తయ్యేదాకా వినండి. దేవుడి గురించి మాట్లాడతానంటే ఇంకొక రోజు మాట్లాడదామని చెప్పండి. ఆ తర్వాత ఒక్కటే అడగండి: ‘మామయ్యా, పెళ్లిలో హారతి పళ్లెం మా అమ్మ చేతికి ఇస్తారా?’ ఆయన చెల్లెలే కదా. జవాబు కోసం తొందరపెట్టకండి, కాఫీ తాగి రండి.